బోర్డుల వెనక పసుపు ఇల్లు

హైదరాబాద్ నగర పటంలో అమీర్‌పేట దగ్గర చిటికెనవేలి గోరంత చోటు ఒకటి పసుపు రంగులో ఉంది. అది ఎరుపు కావలసింది, కాలేదు. అందులో నా చెయ్యి ఉందని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. ఆ రోజుల్లో నేను మధ్యాహ్నాలు కూడా జావా నేర్చుకుంటున్నానని ఆమె నమ్మకం. స్నేహితులకూ చెప్పలేదు. "అయితే ఏంటి?" అని అడిగితే జవాబు చెప్పడానికి చాలాసేపు మాట్లాడాలి. అంతసేపు మాట్లాడటం నాకు చేతకాదు. డైరీలో మాత్రం ఆ రోజు పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: ఈ రోజు నేను మాట్లాడాను.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. అప్పట్లో సివిల్ చదివినా మెకానికల్ చదివినా ఆఖరికి అందరూ వచ్చి పడేది అమీర్‌పేటలోనే. పశ్చిమ గోదావరి నుంచి బస్సెక్కి, పొద్దున్నే పంజాగుట్టలో దిగి, ఒక చేత్తో సూట్‌కేసూ ఇంకో చేత్తో పుస్తకాల సంచీ పట్టుకుని షేర్ ఆటోలో అమీర్‌పేట చేరాను. హాస్టల్ అంటే పెద్ద భవనం అనుకున్నాను. తీరా చూస్తే అది మామూలు ఇల్లు. ముందు చిన్న వరండా, మధ్యలో హాలు, చుట్టూ గదులు, డాబా మీద నీళ్ళ ట్యాంకు. గదుల నిండా మంచాలు, మంచాల నిండా నాలాంటి అమ్మాయిలు.

ఆ ఇల్లు నడిపే ఆవిడను అందరూ ఆంటీ అనేవాళ్ళు. మొదటి రోజు నేను "ఆంటీ గారూ" అన్నాను.

"గారు ఏందే? నేనేమన్న తహసీల్దార్నా?" అని ఆవిడ పెద్దగా నవ్వింది.

ఆ తర్వాత కూడా నా నోట గారు పోలేదు. ఆవిడా వెక్కిరించడం మానలేదు. "ఏం తహసీల్దార్ బిడ్డా, ఇంక జర అన్నం పెట్టాల్నా?" అని అడిగేది.

భర్త సనత్‌నగర్‌లో ఏదో కార్ఖానాలో పనిచేస్తూ కట్టిన ఇల్లు అది. ఆయన పోయాక, తెలిసినవాళ్ళ అమ్మాయి కోచింగ్‌కు వస్తే ఒక గది ఇచ్చింది. ఆ అమ్మాయి తన స్నేహితురాలిని తెచ్చింది. సాఫ్ట్‌వేర్ ఊపు మీద ఉన్న రోజులు. అమ్మాయిలు వస్తూనే ఉన్నారు, ఆంటీ ఒక్కో గదీ ఇచ్చేస్తూనే ఉంది. నేను చేరేనాటికి ఆవిడకు మిగిలింది వంటగది. పొయ్యి గట్టుకూ బియ్యం డబ్బాకూ మధ్య చాప వేసుకుని పడుకునేది. కాళ్ళు చాపితే డబ్బాకు తగిలేవి. పొద్దున అందరికన్నా ముందు నీళ్ళకు లేచే అమ్మాయి ఆవిడను దాటుకుంటూ వెళ్ళాల్సి వచ్చేది.

ఆవిడకు ఒకటే కోరిక.

"పైన ఒక అర్ర కడ్త. నా ఒక్కదానికే. తూర్పుకు కిటికీ. మీరెవ్వరడిగినా ఇయ్య," అనేది అన్నం వడ్డిస్తూ.

"మా కోసం ఒక్క మంచం కూడ పట్టదా ఆంటీ అండ్ల?" అనేది వరంగల్ నుంచి వచ్చిన మా గది అమ్మాయి. నోరు తెరిస్తే మూసేది కాదు. నేను తెరిచేదాన్ని కాదు. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

"నీ మంచం పడ్తే నా కాళ్ళు మల్ల బియ్యం డబ్బాకే తగుల్తయ్. నడువ్!"

పై గదికి అనుమతి కావాలంటే ముందు ప్లాన్ గీయించాలి. పంజాగుట్టలో ఒక మేడ మీద చిన్న ఆఫీసు పెట్టుకుని ఇళ్ళ ప్లాన్లు గీసే ఆయన ఒకరుండేవారు. ఆయన దగ్గరకు వెళ్ళడానికి ఆంటీ నన్ను తోడు తీసుకెళ్ళింది. ఎందుకు నన్నే అని వరంగల్ అమ్మాయి అడిగితే, "గా పిల్ల కాయితం కనవడ్తె ఇడ్వదు. మిర్చీలు కట్టిచ్చిన కాయితం సుత చదువుతది. నువ్వొస్తె ఆ సారుకే క్లాసు చెప్తవ్," అంది.

ఆయన ఆంటీ ఇంటి నంబరు చూసి, ఒక పెద్ద కాగితం పరిచి, వేలితో వెతికి, తల అడ్డంగా ఊపారు.

"మీ ఇల్లు ఎర్ర రంగులో పడిందండీ."

"ఎర్రదేంది సారూ? మొన్ననే సున్నం ఏయించిన."

ఆయన నవ్వలేదు. నగరానికి కొత్త ప్రణాళిక తయారవుతోందని, ఏ వీధి దేనికి వాడాలో అందులో రంగులతో చూపిస్తారని ఓపిగ్గానే చెప్పారు. ఇళ్ళకు పసుపు, దుకాణాలకు నీలం, పార్కులకు ఆకుపచ్చ, బడులూ ఆసుపత్రులలాంటి సంస్థలకు ఎరుపు. ముసాయిదా పటంలో ఆంటీ ఇల్లు విద్యాసంస్థ అని ఉంది. పటం అలాగే ఖరారైతే అక్కడ బడి కట్టుకోవచ్చు గానీ, ఇంటి మీద పడకగది కట్టడానికి అనుమతి ఇవ్వరు.

"మా ఇంట్ల బడేంది సారూ? పిల్లలు తింటరు, పంటరు."

"నాకు తెలుసమ్మా. పటానికి తెలీదు." ఆయన కాగితం మడిచారు. "ఒక మాట చెప్తాను. కట్టేసుకోండి. అందరూ అలాగే కడుతున్నారు. తర్వాత ఏదో ఒక స్కీము వస్తుంది, జరిమానా కట్టి సరిచేయించుకోవచ్చు."

ఆంటీ కొంగు సవరించుకుంది. "వద్దు సారూ. ఎవడన్న బెల్లు కొడ్తె గుండెల దడ పుట్టద్దు నాకు. మా ఆయన ఒక్క ఇటుక సుత దొంగతనంగ పెట్టలె. నిద్రపోనీకె అర్ర కట్టుకుంటున్న, ఉన్న నిద్ర పోగొట్టుకోనీకె కాదు."

ఆయన మడిచిన కాగితం మళ్ళీ విప్పారు. అలాగైతే ముసాయిదా మీద అభ్యంతరం ఇవ్వొచ్చని, గడువు ఇంకా ఉందని, పటాన్ని జనం చూడటానికి ఒక ప్రభుత్వ కార్యాలయంలో పెట్టారని చెప్పారు. మెట్లు దిగుతూ ఆంటీ నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు పోయి జూడు బిడ్డా. నాకు ఆ రంగులు సమజ్ కావు. జర ఇల్లెందుకు ఎర్రగయిందో కనుక్కో."

మరుసటి రోజు మధ్యాహ్నం ల్యాబ్ మానేసి వెళ్ళాను. పంజాగుట్ట కూడలి నుంచి నడిచివెళ్ళే దూరంలోనే ఉంది ఆ ఆఫీసు. హాల్లో గోడ పొడవునా పటం. అంత పెద్ద కాగితం మీద అంత రంగు అంతకుముందు నేను చూడలేదు. జనం దాని ముందు మూగి, ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కుంటున్నారు. పటం చదవడం ఎవరికీ రాదు. "ఇది గుడి, ఇది మసీదు, గిక్కడ్నుంచి రెండో సందు," అని గుర్తులతో దారి వేసుకుంటూ వస్తున్నారు. యూసుఫ్‌గూడ నుంచి వచ్చిన ఒకాయన తన ఇల్లు పసుపులో కనబడగానే దాని మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. వెనకాల వాళ్ళు "అన్నా, జర చెయ్యి తీయ్, మా ఇల్లు సుత చూడాలె," అని నవ్వారు.

మా సందును నేనూ అలాగే పట్టుకున్నాను. రెండు వైపులా పసుపు. మధ్యలో ఒక్క గడి ఎరుపు.

పటం పక్కన బల్లకు దారంతో కట్టిన పుస్తకం ఒకటి ఉంది, ఆ రంగుల నియమాల పుస్తకం. దాని జోలికి ఎవరూ పోవడం లేదు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆ రోజు ఆఫీసు మూసేదాకా లేవలేదు. తర్వాతి రోజులూ వెళ్ళాను. కాలేజీలో నగర ప్రణాళిక ఒక పాఠంగా ఉండేది, పరీక్షకు ముందు తప్ప ఎవరూ చదివేవాళ్ళు కాదు. ఇప్పుడు దాన్ని నవల చదివినట్టు చదివాను. పసుపు చోట ఏవి ఉండవచ్చు, ఏవి అనుమతితో ఉండవచ్చు, ఏవి అసలు ఉండకూడదు. ఇంట్లో డాక్టరు తన గది ఒకటి క్లినిక్ చేసుకోవచ్చు. చిన్న మోటారుతో పిండిమర ఉండవచ్చు, పెద్ద మోటారుతో వద్దు. పొగ వచ్చేదీ, చప్పుడు చేసేదీ, లారీలు వచ్చిపోయేదీ వద్దు. రోడ్డు ఎంత వెడల్పుంటే ఇల్లు అంత ఎత్తు లేవవచ్చు. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఖాళీ వదలాలి. గాలి కోసం, వెలుతురు కోసం, మంట లేస్తే ఫైరింజను మనిషి పరిగెత్తడం కోసం. ఇంగ్లీషు వాక్యాలు పొడిపొడిగా ఉన్నా, ఒక్కో నియమం వెనక ఎప్పుడో ఎవరి ఇంటికో జరిగిన కష్టం ఒకటి ఉన్నట్టు అనిపించేది. పక్కింటి పిండిమర మోతకు నిద్రపట్టని మనిషి, వెలుతురు లేని గదిలో పుస్తకం కళ్ళకు ఆనించుకుని చదివిన పిల్ల. వాళ్ళ కోసమే ఎవరో కూర్చుని ఇదంతా రాశారు.

తిరిగి వచ్చేటప్పుడు అమీర్‌పేట నాకు వేరేగా కనిపించడం మొదలైంది. అంతకుముందు తల వంచుకుని జనాన్ని తప్పించుకుంటూ నడిచేదాన్ని. ఇప్పుడు తల ఎత్తి నడుస్తున్నాను. ఈ టైలరు తన ఇంటి ముందు గదిలో కుడుతున్నాడు, ఇది పసుపే. ఈ మేడ కింద దుకాణాలు, పైన కాపురాలు, ఇది నీలం. ఈ రెండిళ్ళ మధ్య ఖాళీ లేదు, ఇక్కడ నియమం ఓడిపోయింది. ఈ వేపచెట్టు ప్రహరీ లోపలి ఖాళీలో ఉంది కాబట్టి బతికింది. ఇంత గందరగోళానికి కూడా ఒక వ్యాకరణం ఉందని, దాన్ని ఆ సందులో నడుస్తున్నవాళ్ళందరిలో బహుశా నేనొక్కదాన్నే చదవగలనని అనుకున్నప్పుడు గొప్పగా అనిపించింది. నేను ఏ విషయంలోనూ గొప్పగా అనుకోని మనిషిని. అందుకే ఆ రోజు గుర్తుంది.

కానీ ఆ ఎర్ర గడి ఎందుకు వచ్చిందో పుస్తకంలో లేదు. హాల్లో కూర్చునే గుమాస్తాను అడగడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు. ముందు వీధి వీధికీ మనుషులను పంపి, ఇప్పుడు ఏ భవనం దేనికి వాడుతున్నారో సర్వే చేయిస్తారట. ఆ సర్వే మీద ఆధారపడి ముందు ముందు ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తారట. "అంటే మీ ఇంటిని చూసినాయనకు అది ఇన్‌స్టిట్యూట్ లాగ కనబడ్డదన్నట్టు."

ఆ మాట మనసులో పెట్టుకుని, ఆ సాయంత్రం బస్‌స్టాపు నుంచి మా సందులోకి తెలియనిదానిలా నడిచి వచ్చాను. ఇంటి ఎదుట నిలబడి చూశాను. నవ్వొచ్చింది.

మా ఇల్లు కనబడటం లేదు. బోర్డులు కనబడుతున్నాయి. డాబా పిట్టగోడ నుంచి కిటికీల మీదుగా కిందిదాకా ఫ్లెక్సీలు. జావా, డాట్‌నెట్, టెస్టింగ్, కొత్త బ్యాచ్, డెమో ఉచితం, ఇన్‌స్టిట్యూట్, ఇన్‌స్టిట్యూట్. అవన్నీ వెనక భవనంలోని కోచింగ్ సెంటర్ వాళ్ళవి. వాళ్ళ గుమ్మం వెనక రోడ్డులో ఉంది. బస్సు దిగి వచ్చే కుర్రాళ్ళకు ముందు కనబడేది మా ఇల్లు. కట్టుకుంటామని అడిగితే ఆంటీ సరే అంది. మా గదులకు పడమటి ఎండ. వేసవిలో మధ్యాహ్నమయ్యేసరికి మంచాల ఇనుము కాలేది. ఫ్లెక్సీలు కట్టాక గదిలోకి నీలం నీడ వచ్చింది. సాయంత్రాలు ఎండ వాటిలోంచి దూరి, తిరగబడిన అక్షరాలను మా దుప్పట్ల మీద పరిచేది. మాకు అవి పరదాలు. అవి బోర్డులన్న సంగతే మరిచిపోయాం.

భోజనాల దగ్గర నేను సంగతి చెబితే వరంగల్ అమ్మాయి పొలమారేదాకా నవ్వింది. "అంటే మనం బడిల పంటున్నమా? అందుకే నాకు గింత నిద్రొస్తుంది!"

"నవ్వకే," అంది ఆంటీ. "బోర్డులు పీకేస్తె అయితదా?"

"ఎండకు చస్తం ఆంటీ! పరీక్షలున్నయ్."

ఆంటీ ఆలోచించి నావైపు తిరిగింది. "బోర్డు కట్టినంత మాత్రాన ఇల్లు ఇల్లు కాకుండ పోతదా? నువ్వు చదివినవ్ గద, చెప్పు."

పోదని చెప్పాను. అలాగని పుస్తకంలో ఉందని కూడా చెప్పాను.

"ఇగ ఫికర్ లేదు. నువ్వే చెప్పు వాళ్ళకు."

అభ్యంతరం నేనే రాశాను, ఆంటీ సంతకం చేసింది. విచారణకు పిలిచారు. ఆ రోజు ఆంటీ పట్టుచీర కట్టుకుంది. పొడవాటి బల్ల వెనక ఒక అధికారి, ముందు కుర్చీల్లో జనం. మా వంతు వచ్చింది, నేను లేచి నిలబడ్డాను. పుస్తకంలోని వాక్యం మొత్తం కళ్ళ ముందు ఉంది, నోట్లోకి రాలేదు. ఆంటీ ఒకసారి నా వైపు చూసి, తానే మొదలుపెట్టింది. భర్త ఇల్లు ఎలా కట్టాడో, నీళ్ళు ఎక్కడి నుంచి మోశారో, ఎర్రగడ్డ రైతుబజారులో టమాటాలు ఏరేటప్పుడు నడుము ఎలా పట్టేస్తుందో, అన్నీ చెప్పింది. అధికారి ఓపిగ్గా విని, "మేము వచ్చి చూస్తామమ్మా," అన్నారు. వెనకాల ఎవరో "అందరికీ గట్లనే చెప్తరు," అన్నారు.

బయటకు వచ్చాక ఆంటీ నన్ను తిట్టలేదు. ఆటో ఎక్కుతూ, "నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా బిడ్డా?" అని మాత్రం అంది. దారంతా ఆవిడ చీర కుచ్చిళ్ళు తొక్కుతున్న నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. నా మూలంగా ఆవిడ వంటగదిలోనే ఉండిపోతుందేమోనన్న భయం ఆ రోజు మొదలైంది.

వాళ్ళు నిజంగానే వచ్చారు. చెప్పాపెట్టకుండా, ఒక శనివారం మధ్యాహ్నం. అదే అధికారి, ఆయన వెంట టేపూ కెమెరా పట్టుకున్న సహాయకుడు. బోర్డులు చూస్తూ గేటు దాటారు. తలుపు తీసే ఉంది. లోపల హాల్లో వరంగల్ అమ్మాయి, నల్లరంగు పూసి గోడకు ఆనించిన పాత తలుపు రెక్క మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, కింద చాప మీద కూర్చున్న అమ్మాయిలకు గొంతెత్తి పాఠం చెబుతోంది. అందరి ఒళ్ళోనూ పుస్తకాలు. ఆ అమ్మాయి వీపు తలుపు వైపు ఉంది.

"డౌట్ ఉంటే ఇప్పుడే అడగండ్రి, మల్ల చెప్ప!"

అధికారి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇదేంటమ్మా మరి? క్లాసు కాదా?"

సుద్దముక్క కిందపడింది. ఆంటీ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకు వచ్చింది. "అయ్యో సారూ, ఇది క్లాసు కాదు. ఈ పిల్లలకు గిదే ముచ్చట. తినేటప్పుడు సుత గిదే. ఏం జెయ్యాలె, నోళ్ళు కుట్టాల్నా?"

"బయట బోర్డులు, లోపల బ్లాక్‌బోర్డు. నేనేం రాసుకోవాలి చెప్పండి." ఆయన కలం తీశారు. కోపంగా కాదు, విసుగ్గా. పొద్దున్నుంచి ఎన్ని ఇళ్ళు చూశారో.

ఆంటీ గరిటె పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. ఆవిడ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడలేకపోయేదాన్నేమో.

"సర్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నివాస భవనం అంటే ఏమిటో మీ నియమాల్లోనే ఉంది సర్. నిద్రపోయే ఏర్పాటు ఉన్న భవనం. వంట వసతి ఉన్నా, లేకపోయినా. అంతే ఉంది. చదువుకోకూడదని లేదు."

ఆయన కలం ఆగింది. "ఎక్కడ చదివావు?"

"మీ ఆఫీసులో. బల్లకు దారంతో కట్టిన పుస్తకం."

"దాన్ని ఎవరైనా చదువుతారా?" అని ఆయన సహాయకుడి వైపు చూశారు. అతను భుజాలు ఎగరేశాడు.

ఒకసారి మొదలయ్యాక ఆపడం చేతకాలేదు. ఆయనను గదుల్లోకి తీసుకెళ్ళాను. మంచాలు, దిండ్లు, గోడ మేకులకు దువ్వెనలు, దండెం మీద ఆరుతున్న తువ్వాళ్ళు. నా దిండు కింద ఉన్న నవల కూడా బయటపడింది. నేను దాచలేదు. కిటికీ దగ్గర ఫ్లెక్సీ అంచు ఎత్తి, పడమటి ఎండ ఆయన ముఖం మీద పడనిచ్చాను. ఆయన కళ్ళు చిట్లించి, "వదిలెయ్, వదిలెయ్. అర్థమైంది," అన్నారు. ఆఖరికి వంటగది. పొయ్యి గట్టు కింద చుట్టి పెట్టిన చాప, దాని మీద మడిచిన దుప్పటి, పక్కనే బియ్యం డబ్బా.

"ఇక్కడ ఎవరు పడుకుంటారు?"

"నేనే సారూ," అంది ఆంటీ, కొంచెం సిగ్గుగా. "పైన అర్ర గందుకే అడుగుతున్న."

ఆయన చాపను చూశారు. ఆవిడ ఎత్తు చూశారు. మళ్ళీ చాపను చూశారు. 

వెనక రోడ్డులోకి కూడా తీసుకెళ్ళాను. కోచింగ్ సెంటర్ గుమ్మం, మెట్ల మీద గుట్టలుగా చెప్పులు, లోపల మైకులో పాఠం. కింద దుకాణాలున్నాయి కాబట్టి ఆ భవనం పటంలో ఎలాగూ నీలంలోనే ఉంది, ఇందులో వాళ్ళకు పోయేదేమీ లేదు. "సర్, బోర్డు ఎక్కడుందో కాదు, గుమ్మం ఎక్కడుందో చూడాలి," అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని ఇప్పటికీ అనుమానమే. సహాయకుడు ఫోటో తీశాడు. అధికారి ఏదో రాసుకున్నారు.

వాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత వరంగల్ అమ్మాయి సుద్దముక్క ఏరుకుంటూ, "అబ్బ, మస్తు మాట్లాడినవే! గిన్ని దినాలు ఏడ దాచినవే గా గొంతు?" అంది. ఆంటీ నా చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులకు పోపు వాసన. ఆ రోజే డైరీలో ఆ ఒక్క వాక్యం రాసుకున్నాను.

పటం ఖరారు కావడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా జావా కోర్సు పూర్తయింది. ఒకటి రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళి, అడిగినవాటికి జవాబులు తెలిసి కూడా చెప్పలేక వచ్చేశాను. పంజాగుట్టలో ప్లాన్లు గీసే ఆయన జరిగింది విని, "ఆ పుస్తకం చదివిన అమ్మాయివి నువ్వేనా? రేపట్నుంచి ఇక్కడికొచ్చి కూర్చో," అన్నారు. ఆయన దగ్గర డ్రాయింగులు గీస్తూ, ఇళ్ళ కోసం వచ్చేవాళ్ళకు రంగులు చదివి చెబుతూ ఉండిపోయాను. పెన్సిలుతో చూపిస్తూ చెప్పేటప్పుడు నాకు సిగ్గు ఉండేది కాదు. ఇంట్లో మాత్రం ఉద్యోగం అనే చెప్పాను, ఏ ఉద్యోగమో విడమరచి చెప్పలేదు.

ఖరారైన పటం పెట్టిన రోజు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. గుడి, మసీదు, అక్కడి నుంచి మా సందు. రెండు వైపులా పసుపు. మధ్యలో కూడా పసుపే. ఆ గోరంత చోటును చుట్టూ ఉన్న పసుపు నుంచి వేరుచేసి చూడటం ఎవరికీ సాధ్యం కాదు. మార్చినవాళ్ళ పేరు పటం మీద ఉండదు. దాని మీద వేలు పెట్టి, యూసుఫ్‌గూడ ఆయనలాగే నిలబడ్డాను. ఇంత పెద్ద నగరంలో, ఇంత చిన్న చోట, ఒక నిజం ఉండాల్సిన రంగులో ఉంది. దాన్ని అక్కడ నిలబెట్టింది నా ఒక్క వాక్యం. వెనకాల ఎవరో "మేడమ్, జర జరగండి," అన్నారు. మేడమ్ అని ఎవరో నన్ను పిలవడం అదే మొదటిసారి.

అనుమతి వచ్చింది. పై గది ప్లాన్ నేనే గీశాను. తూర్పు కిటికీ, ఒకే మంచానికి చోటు, వదలాల్సిన ఖాళీ వదిలి. స్లాబు పోసిన రోజు ఆంటీ కూలీలకూ మాకూ కలిపి బగారా అన్నం వండింది. గది తయారయ్యాక మాత్రం ఒక విచిత్రం జరిగింది. ఆవిడ అందులో పడుకోలేదు. పగలు వెళ్ళి ఊడ్చి, కిటికీ తుడిచి, వచ్చేసేది. పడుకోవడానికి మళ్ళీ వంటగదిలోకే. పొయ్యి పక్కన లేకపోతే తెల్లారి లేవలేననేది, పిల్లలకు టిఫిన్ ఆలస్యమవుతుందనేది.

"ఆంటీ గారూ, ఎవరూ పడుకోకపోతే అది నివాసం కాదు," అన్నాను ఒకరోజు. "మళ్ళీ ఎర్ర రంగు వేస్తారు."

"వేస్తరా?" అని ఒక్క క్షణం నిజంగానే కంగారుపడి, తర్వాత నా వీపు మీద ఒకటి చరిచింది. "తహసీల్దార్ బిడ్డవు నన్నే బెదిరిస్తున్నవా!"

నగర ప్రణాళికలో పైచదువుకు వేరే ఊళ్ళో సీటు వచ్చింది. దరఖాస్తులో ఎందుకు ఈ చదువు అన్న ప్రశ్నకు బోర్డుల గురించి రాద్దామనుకున్నాను. రాయలేదు, వేరేది ఏదో రాశాను. బయలుదేరే రోజు టిఫిన్లు అయ్యాక, అందరూ క్లాసులకు వెళ్ళిపోయాక, సూట్‌కేసు గేటు దగ్గర పెట్టి ఆంటీ కోసం వెతికాను. వంటగదిలో లేదు. పొయ్యి గట్టు కింద చాప లేదు. బియ్యం డబ్బా ఒక్కటే ఉంది.

మెట్లెక్కి పైకి వెళ్ళాను. గది తలుపు ఓరగా తెరిచి ఉంది. తూర్పు కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చింది, దానికి అక్షరాలు లేవు. ఆవిడ కాళ్ళు పూర్తిగా చాపుకుని, చెయ్యి నుదుటి మీద పెట్టుకుని పడుకుని ఉంది. పగటిపూట ఆవిడ నడుము వాల్చడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. లేపాలా వద్దా అని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే నన్ను గుర్తుపట్టింది.

వెళ్ళొస్తానని చెప్పాను. ఆవిడ బతికుండగా ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళడం నాకు కుదరలేదు. నాతో ఆవిడ ఆఖరుగా అన్న మాటలు ఇవి.

"మంచిగ పో బిడ్డా. పోయేటప్పుడు తలుపు జర మెల్లగ వెయ్యి, నేను పండుకుంటున్న."